తల్లిగింజ

ఆ ఏడు సెయింట్ జాన్ పండుగనాడు పట్టిన వాన
కోతల దాకా తెరిపి ఇవ్వలేదు.
ల్యూనెబుర్గ్ బీళ్ళ మీద తేనెటీగ ఒక్కటీ గూడు దాటలేదు.
గొర్రెల ఉన్నికి నాచు పట్టిందని
ల్యూడర్ నవ్వేవాడు.
అప్పటికింకా నవ్వేవాడు.

రై చేలో గాలి పరిగెడితే
తోడేలు పోతోంది అంటారు మావాళ్ళు.
చేలోకి దిగకండర్రా, లోపల రై పిన్ని ఉంది,
ఇనప రొమ్ములది, తారువేళ్ళది,
దొరికారంటే పాలు తాగమంటుంది.
నా చేతుల్లో పుట్టిన ప్రతి పిల్లకూ నేనూ చెప్పాను.
పైరు తొక్కకుండా పెద్దలు పన్నిన ఎత్తు, అంతే.
మా అమ్మ నాకు చెప్పేటప్పుడు మటుకు
ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేది.

నేను ఇల్సబేని. మంత్రసానిని.
వెన్నులో గింజ ఉండాల్సిన చోట
కోడికాలి ముల్లులా నల్లగా వంగి పొడుచుకొస్తుందే,
దాన్ని మేం తల్లిగింజ అంటాం.
పొలమంతా గాలిస్తే ఏడాదికి గుప్పెడు.
నొప్పులు నిలిచిపోయిన మనిషికి
మూడు గింజలు నూరి, గోరువెచ్చని బీరులో.
నాలుగోది వెయ్యకు, అంది అమ్మ.
ఎందుకని అడగలేదు.
పులుసులో ఉప్పు ఇంతే ఎందుకని ఎవరడుగుతారు?

ఆ ఏడు ఒక్కో వెన్నుకు నాలుగు, ఐదు.
చెప్పడానికి నోరు రావడంలేదు గానీ
సంతోషించాను.
పదేళ్ళ పురుళ్ళకు సరిపోతాయనుకుంటూ
ఒడి నింపుకున్నాను.

జల్లెడ కింద పడ్డ గింజ దొరగారి కొట్టుకు పోయింది.
జల్లెడ పైన మిగిలింది మాకు.
కోతకు ముందు నెలంతా ఆకులు ఉడికించుకు తాగినవాళ్ళం,
రొట్టె కాస్త ఊదాగా ఉందని ఎవరు చూస్తారు?

మొదట గెషె అంది, అరచేతుల్లో చీమలని.
దులుపుకుంది. బూడిదతో తోముకుంది.
చర్మం కింద పాకే చీమను
ఎక్కడని దులుపుతుంది?
తర్వాత వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి,
మణికట్లు కొంగ మెడల్లా వంగాయి.
ఒక్క వీధిలో ఆరుగురు పిల్లలు.
గట్టిగా లాగి చాపితే కాసేపు హాయి,
మగాళ్ళు వంతులేసుకుని లాగేవాళ్ళు, పడవతాళ్ళు లాగినట్టు.
ఆ జబ్బుకు ఒక వింత ఆకలి.
మూర్ఛ తేలగానే రొట్టె అడిగేవాళ్ళు.
మేం పెట్టేవాళ్ళం.

ల్యూడర్ కూతురు టిబ్కె, ఏడేళ్ళది,
గది మూలకు చూస్తూ అంది:
"పిన్ని వచ్చింది. పాలు తాగమంటోంది."
చేలోకి వెళ్ళావా అని తండ్రి చెయ్యెత్తాడు.
"నేను వెళ్ళలేదు నాన్నా.
మనమే తెచ్చుకున్నాం."

పాదిరీ పాపమన్నాడు.
ఎవరో ముసలి అల్హైట్ గుమ్మం వైపు చూశారు.
ఆమె పిల్లిని మాత్రమే చంపారు,
మా ఊరు మంచిది.

పట్నం నుంచి వైద్యుడొచ్చాడు, తడిసిన విగ్గుతో.
పిండి నలిపాడు, వాసన చూశాడు,
నల్లగింజ ఒకటి అరచేతిలో వేసుకుని
ఇదేమిటని గదిలో అందరినీ అడిగాడు.
అందరూ నావైపు చూశారు.

అది గర్భసంచిని పిడికిలిలా బిగిస్తుందని
ముప్పై ఏళ్ళుగా నాకు తెలుసు.
పిడికిలిని పిడికిలిలా బిగించగలదని
తట్టనేలేదు.

తట్టలేదా?

పదకొండు మందిని పూడ్చాం.
పెట్టెలో పట్టడానికి టిబ్కె చేతులు చాపాల్సి వచ్చింది.
చాపింది నేనే.
పుట్టిననాడు ఆ పిడికిళ్ళు విప్పి
వేళ్ళు లెక్కపెట్టిందీ నేనే.

నిన్న తెల్లవారుజామున
గెషె వదినకు నొప్పులు ఆగిపోయాయి.
బిడ్డ అడ్డం తిరగలేదు, అలిసిపోయింది తల్లే.
మూట విప్పాను.
అవేం గింజలని అడిగింది, చెమటలో మునిగి.
ఎంత వెతికినా ఇంకో పేరు దొరకలేదు.
చెప్పాను.

చాలాసేపు పైకప్పు వైపు చూసి
"లెక్కపెట్టి చూపించు" అంది.

ఒకటి.
రెండు.
మూడో గింజ రోట్లో వేస్తూ
నేను వెనక్కి తిరిగి చూసుకున్నాను.